తప్పింది లెక్కా, మరాఠీనా?

ప్రశ్న:

నేను మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలో ఒక జిల్లా పరిషత్ బడిలో టీచర్‌ని. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు లెక్కలు, సైన్సు చెబుతాను. మీడియం మరాఠీ. పిల్లల ఇళ్లలో తెలుగు, కొందరి ఇళ్లలో మాడియా అనే గిరిజన భాష. పాఠం అయ్యాక ‘సమజలం కా?’ (అర్థమైందా?) అని అడిగితే అందరూ ఒక్క గొంతుతో ‘హో’ (అవును) అంటారు. పరీక్ష పెడితే సగం మందికి ఏమీ రాదు. ఈమధ్య ఒక ట్రైనింగ్‌లో పిల్లలు బటన్ నొక్కి జవాబు చెప్పే క్లిక్కర్లు, కహూత్, ప్లికర్స్ లాంటివి చూపించారు. దాతలిచ్చిన టీవీ ఒకటి ఉంది, నా ఫోన్ ఉంది, సిగ్నల్ ఉన్నప్పుడు నెట్ ఉంటుంది. క్లిక్కర్ల కోసం తల్లిదండ్రులను చందా అడగనా? పెద్ద తరగతి పిల్లల్ని ఫోన్లు తెచ్చుకోమననా? ఇంకో సంగతి. మొన్న వానల్లో ‘రేపు బడులకు సెలవు’ అని వాట్సాప్‌లో వచ్చిందని సగం తరగతి రాలేదు. ఆ సెలవు మనకు కాదు, నది అవతల తెలంగాణకు. ఇలాంటివి పిల్లలకు ఎలా నేర్పాలి? టెన్షన్‌గా ఉంది అక్కా.

జవాబు:

చెల్లెమ్మా, ముందు చందా సంగతి తేల్చేద్దాం. వద్దు. పిల్లల్ని ఫోన్లు తెమ్మనడం అంతకంటే వద్దు. మన వైపు చాలా ఇళ్లలో ఉండేది ఒక్క ఫోన్. అది పొద్దున్నే నాన్న జేబులో చేనుకు పోతుంది, రాత్రికి చార్జింగ్ అయిపోయి ఇంటికొస్తుంది. బడికి ఫోన్ తేగలిగిన నలుగురు జవాబిస్తారు, మిగతావాళ్లు పక్కనుంచి తొంగిచూసి అదే చెబుతారు. ఉన్న ‘హో’ చాలదని ఫోన్‌లో ఇంకో ‘హో’ ఎందుకు?

సామాను కొంటే ఏమవుతుందో నాకు అనుభవమే. నేను రాజురా వైపు పనిచేసిన ఒక బడికి ఓసారి ట్యాబ్‌లు వచ్చాయి. వచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టాం, ఫొటోలు దిగాం. పగిలితే ఎవరి జీతంలో కోస్తారోనన్న భయంతో బీరువాలో పెట్టి తాళం వేశాం. రెండేళ్ల తర్వాత ఎవరో అధికారి వస్తున్నారంటే తీసి చూశాం. బ్యాటరీలు పూరీల్లా ఉబ్బి ఉన్నాయి. ఆ తాళం చెవి నా దగ్గరే ఉండేది, కాబట్టి ఎవర్నీ అనడానికి లేదు.

ఈ బటన్ల వెనక ఉన్న ఆలోచన మాత్రం చాలా మంచిది. అది ఎక్కడినుంచి వచ్చిందో చెబుతాను, తర్వాత సామాను మీద మోజు దానంతటదే తగ్గుతుంది. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ ఉన్నారు. ఆయన పాఠం విద్యార్థులకు నచ్చేది, మార్కులూ బాగానే వచ్చేవి. అయితే పెద్ద పెద్ద లెక్కలు టకటకా చేసేవాళ్లే, బరువైన లారీ వచ్చి చిన్న కారును గుద్దితే దేనిమీద ఎక్కువ బలం పడుతుందని అడిగితే తడబడ్డారు. రెండింటి మీదా సమానమే అని న్యూటన్ మూడో సూత్రం వాళ్లకు కంఠతా వచ్చు. దాంతో 1991లో ఆయన పద్ధతి మార్చారు. పాఠం మధ్యలో ఆపి ఒక ప్రశ్న వేస్తారు. ఎవరికి వాళ్లు జవాబు ఎంచుకుంటారు. తర్వాత పక్కవాళ్లతో వాదించుకుంటారు. మళ్లీ జవాబు చెబుతారు. మొదట్లో అదంతా చేతులెత్తించి, కార్డులు చూపించి చేసిందే. బటన్లు తర్వాత వచ్చాయి.

2008లో కెనడాలో నథానియల్ లాస్రీ అనే ఫిజిక్స్ టీచర్ ఒక పని చేశారు. ఇదే పద్ధతిని కొందరికి క్లిక్కర్లతో, కొందరికి అట్టముక్కల కార్డులతో నడిపి పోల్చారు. పిల్లలు నేర్చుకున్నదాంట్లో చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు. క్లిక్కర్ వల్ల సుఖపడేది టీచరే. ఎంతమంది ఏది ఎంచుకున్నారో లెక్క వెంటనే తేలుతుంది, రాసిపెట్టుకునే పని తప్పుతుంది. ఆ సుఖం కోసం పేదవాళ్ల దగ్గర చందా వసూలు చేయనక్కర్లేదు కదా.

మీ ట్రైనింగ్‌లో చూపించినవాటిలో మీ బడికి సరిపడేది ప్లికర్స్. పిల్లల చేతిలో కాగితం, మీ చేతిలో ఫోన్, అంతే. ఒక్కో పిల్లకు ఒక్కో నంబరు కార్డు. దాని మీద నలుపు తెలుపు గళ్ల బొమ్మ ఉంటుంది, నాలుగు అంచుల్లో ఏ, బీ, సీ, డీ అని సన్నగా రాసి ఉంటుంది. తాను అనుకున్న జవాబు పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకుంటే, మీరు ఫోన్ కెమెరాను తరగతి మీదుగా ఒకసారి తిప్పితే చాలు. అక్షరాలు సన్నవి, బొమ్మలు వేరువేరు. అందుకని వెనక బెంచీవాడు ముందు బెంచీ చూసి దిద్దుకోలేడు. మీరు ‘హో’ గురించి రాశారే, దానికి మందు ఇదే. కార్డులు వాళ్ల సైట్ నుంచి ఉచితంగా ప్రింట్ తీసుకోవచ్చు, మామూలు సెట్ 40 మందికి వస్తుంది. ప్రశ్నను యాప్‌లో టైపు చేయాలని కూడా లేదు. బోర్డు మీద రాసి, నోటితో అడిగి, కార్డులు మాత్రం స్కాన్ చేసుకోవచ్చు.

నెట్ లేని రోజు పలక ఉండనే ఉంది. ఒకటి, రెండు, మూడు అనగానే పలకలన్నీ ఒక్కసారే లేవాలి. ఆ ‘ఒక్కసారే’ దగ్గర మెత్తబడకండి. ముందు లేచిన పలక మొదటి ర్యాంకు పిల్లది, మిగతావన్నీ దాని నకళ్లే అవుతాయి. పలకలు కూడా లేకపోతే కళ్లు మూసుకుని, గుండెకు ఆనించి ఒకటి నుంచి నాలుగు వేళ్లు చూపించమనండి.

ఇంతవరకూ ఏ ట్రైనింగ్‌లోనైనా చెబుతారు. మన పిల్లల దగ్గరికొచ్చేసరికి ఒక చిక్కుంది, దాని గురించి ట్రైనింగ్‌లో ఎవరూ నోరెత్తరు. పిల్ల తప్పు కార్డు ఎత్తింది. ఆ పిల్లకు తప్పింది లెక్కా, మరాఠీనా? యాప్ ఆ మాట చెప్పదు. తప్పు అని చూపించి ఊరుకుంటుంది.

అంకెలే తీసుకోండి. ఇంట్లో మనం ఇరవై ఐదు అంటాం. ఇరవై ముందు, ఐదు తర్వాత. రాసేటప్పుడూ 2 ముందు, 5 తర్వాత. మరాఠీలో అది పంచవీస్. ఐదు ముందు వినిపిస్తుంది, ఇరవై తర్వాత. విన్న వరసలో రాసే పిల్ల 52 వేస్తుంది. మనం దాని కింద ఎర్ర గీత గీసి ‘స్థాన విలువ రాదు’ అని రాస్తాం. స్థాన విలువ ఆ పిల్లకు వచ్చు. సంతలో కూరగాయలు అమ్మి చిల్లర సరిగ్గా ఇచ్చే పిల్లకు పదులు, ఒకట్లు తెలియవా? వినే వరస తిరగబడింది, అంతే.

ఇంకా నయం అది. 29 దగ్గర చూడండి. ఏకోణతీస్, అంటే ముప్పైకి ఒకటి తక్కువ. 31 ఏకతీస్. రెండింటికీ మధ్య తేడా ఒక చిన్న ‘ఓణ’. బోర్డు మీద ఏ దగ్గర 29, బీ దగ్గర 31, సీ దగ్గర 39 రాయండి. ‘ఏకోణతీస్’ అని ఒక్కసారి చెప్పి కార్డులు ఎత్తమనండి. బీ ఎత్తిన పిల్ల ‘ఓణ’ వినలేదు. సీ ఎత్తిన పిల్ల సంగతి వేరు. ‘ఏకోణ’ వస్తే చివర తొమ్మిది ఉంటుందని ఆ పిల్ల పట్టేసింది, తీస్ అంటే ముప్పై అని తెలుసు, రెండూ కలిపి ముప్పై తొమ్మిది అనుకుంది. నాకైతే అలాంటి పిల్లను చూస్తే ముద్దొస్తుంది. తప్పే, కానీ తలకాయ పెట్టి చేసిన తప్పు. ఇలా ప్రతి తప్పు జవాబు వెనకా ఒక కారణం ఉండేలా రాసుకుంటేనే ఈ కార్డుల ఆటకు అర్థం. మూడు పిచ్చి జవాబులు, ఒక అసలు జవాబు పెడితే ఎవరు ఎక్కడ తడబడ్డారో మీకేం తెలుస్తుంది? తప్పు జవాబులు పుస్తకంలో వెతక్కండి, పిల్లల పాత పరీక్ష పేపర్లలో కావలసినన్ని దొరుకుతాయి.

ఈ అంకెల బాధ మన పిల్లలదే అనుకునేరు. 2019లో మన రాష్ట్ర బడి పుస్తకాలు తెచ్చే సంస్థ బాలభారతి, రెండో తరగతి లెక్కల పుస్తకంలో ఏకవీస్‌తో పాటు ‘వీస్ ఏక్’ అని, అంటే అచ్చం మన ఇరవై ఒకటి లాగే చదివే పద్ధతి పెట్టింది. పిల్లలకు జోడక్షరాల అంకెలు కష్టమవుతున్నాయనే. రాష్ట్రమంతా పెద్ద గొడవైంది, అసెంబ్లీలో కూడా వేళాకోళాలు నడిచాయి. మరాఠీ ఇళ్ల పిల్లలకే కష్టమని పుస్తకం రాసేవాళ్లు ఒప్పుకున్నప్పుడు, గోదావరి ఒడ్డు పిల్లల సంగతి చెప్పాలా?

ఏకోణతీస్ ప్రశ్నకు నాలుగో జవాబు రాయలేదేమని అడుగుతారు. డీ దగ్గర ఎప్పుడూ ‘నాకు తెలియదు’ అని పెట్టండి. తెలియదని చెప్పడానికి బడిలో ఎక్కడా చోటు లేకనే పిల్లలు ‘హో’ అంటున్నారు. మొదటి వారం డీ ఎవరూ ఎత్తరు. ఎత్తిన మొదటి పిల్లను మెచ్చుకోకండి, తిట్టకండి, మామూలుగా లెక్కపెట్టి ముందుకు పొండి. రెండో వారానికి అలవాటవుతుంది.

సైన్సులో చిక్కు ఇంకో రకం. అక్కడ తెలియని మాటల కంటే తెలిసినట్టుండే మాటలే ముంచుతాయి. మరాఠీ ప్రయోగంలో సాహిత్య, కృతి, నిరీక్షణ్, అనుమాన్ అని వరసగా రాస్తారు కదా. వాళ్ల సాహిత్య అంటే అక్కడ సామాను. మనకు సాహిత్యం అంటే కథలు, పద్యాలు. వాళ్ల అనుమాన్ అంటే చూసినదాన్ని బట్టి తేల్చిన మాట. మన అనుమానం సందేహం, ముదిరితే కాపురాలు కూల్చేది. ‘అనుమాన్ లిహా’ (అనుమాన్ రాయండి) అంటే నా తరగతిలో ఒకమ్మాయి బుద్ధిగా ‘నీళ్లు సరిగ్గా మరిగాయో లేదో’ అని రాసింది. నేను సున్నా వేశాను. రాజురాలో పెళ్లయి స్థిరపడిన తర్వాత ఆ అమ్మాయే ఒకసారి కనపడి నవ్వుతూ గుర్తుచేసింది, అప్పుడుగానీ నాకు ఆ సున్నా ఎవరికి పడాలో అర్థం కాలేదు.

కాబట్టి మీరు చేయవలసింది ఇది. ప్రశ్న ముందు మరాఠీలో అడగండి, పుస్తకంలో ఉన్నట్టే. కార్డులు ఎత్తించండి, స్కాన్ చేయండి, ఏది ఒప్పో చెప్పకండి, మొహంలో కూడా తెలియనివ్వకండి. వెంటనే అదే ప్రశ్నను తెలుగులో అడగండి. పుస్తకాల తెలుగు వద్దు, మీరు మీ అమ్మతో మాట్లాడే తెలుగు. మళ్లీ కార్డులు. 32 మందిలో మొదటిసారి పది మంది ఒప్పు, రెండోసారి ఇరవై నాలుగు మంది ఒప్పు అనుకోండి. ఆ పద్నాలుగు మందికి మీరు పాఠం మళ్లీ చెప్పనక్కర్లేదు, నాలుగు మరాఠీ మాటలు చెబితే చాలు. రెండుసార్లూ పది మందే అయితే భాష మీదికి నెట్టేయకండి. పాఠమే ఎక్కలేదు, ఇంకో దారిలో చెప్పాలి. ఈ రెండు రోగాలకూ మనం ఇన్నేళ్లుగా ఒకే మందు వేస్తున్నాం. పాఠాన్ని మళ్లీ మరాఠీలోనే, ఈసారి గట్టిగా అరిచి చెప్పడం.

ఒక నోట్‌బుక్కులో రెండు గళ్లు గీసుకోండి, మ, తె అని. ప్రశ్నకు రెండు అంకెలు. నెల తర్వాత తిరగేస్తే ఏ పాఠాలు మాటల దగ్గర ఆగుతున్నాయో, ఏవి లోపల ఆగుతున్నాయో కనపడుతుంది. యాప్ గీసే రంగుల గ్రాఫుల కంటే ఈ రెండు గళ్లే మీకు పనికొస్తాయి. పీరియడ్‌కు రెండు ప్రశ్నలు మించొద్దు, మొదట్లో ఒకటే చాలు.

తెలుగులో అడిగాక కూడా జవాబులు చీలిపోతే అప్పుడు మజూర్ గారి పద్ధతి. దాదాపు మూడో వంతు నుంచి మూడింట రెండు వంతుల దాకా ఒప్పు వస్తే పక్కవాళ్లతో వాదించుకోమనండి, రెండు నిమిషాలు. ఏ భాషలోనైనా సరే. మరీ తక్కువ మందికి వస్తే వాదనకు సరుకుండదు, మీరే చెప్పాలి. దాదాపు అందరికీ వస్తే టైమ్ వేస్టు, ముందుకు పొండి. మాడియా పిల్లలకు ఈ రెండు నిమిషాలే ప్రాణం. మీకు మాడియా రాదు, కానీ ఆ తరగతిలోనే రెండు భాషలూ వచ్చిన పిల్ల ఒకరైనా ఉంటుంది, వాళ్ల పక్కన కూర్చోబెట్టండి. చివర్లో మాత్రం ఒప్పు జవాబును, ఎందుకు ఒప్పో, ఒకరిద్దరి చేత మరాఠీలోనే చెప్పించండి. పరీక్ష రాసేది అందులోనే, రేపు గడ్చిరోలిలో ఆఫీసు మెట్లెక్కి మాట్లాడవలసింది అందులోనే. తెలుగు ఆసరాగా మరాఠీ ఎక్కాలి, మరాఠీని తప్పించుకోవడానికి కాదు.

క్లాసులో తెలుగేమిటని కేంద్ర ప్రముఖ్ (చుట్టుపక్కల బడులను చూసుకునే అధికారి) అడుగుతారేమోనని భయం ఉంటుంది, నాకు తెలుసు. 2020 జాతీయ విద్యా విధానం నాలుగో అధ్యాయం తీసి చూపించండి. ఇంటి భాష, బడి భాష వేరైన పిల్లలతో రెండు భాషలూ వాడి బోధించమని టీచర్లను ప్రోత్సహించాలని అందులో ఉంది. ఆ పేజీ జిరాక్స్ ఒకటి టేబుల్ సొరుగులో పెట్టుకోండి. ఫొటో కావాలంటారా, పిల్లలందరూ కార్డులెత్తిన ఫొటో చక్కగా వస్తుంది, అందరికీ సంతోషం.

కహూత్ గురించి రెండు మాటలు. సరదాగా ఉంటుంది, సంగీతం వస్తుంది, పిల్లలు ఎగురుతారు. కానీ దాని మామూలు ఆటలో ఎంత తొందరగా నొక్కితే అన్ని పాయింట్లు. మరాఠీ ప్రశ్నను మనసులో తెలుగు చేసుకుని ఆలోచించే పిల్లకు ఆ రెండు మూడు సెకన్లే శిక్ష. శనివారం సరదాకు టీమ్‌గా ఆడించండి, అంతకుమించి వద్దు. టీవీ మీద ఎవరు తప్పారో పేర్లతో చూపించడం కూడా వద్దు. యాప్‌లో పిల్లల పేర్లు ఎక్కించనే వద్దు, రోల్ నంబర్లు చాలు. 18 ఏళ్లలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలని 2023లో చట్టమే వచ్చింది. చట్టం సంగతి అటుంచినా, కార్డు తప్పు ఎత్తిందని ఊరి గ్రూపులో పడితే ఆ పిల్ల ఇంకెప్పుడూ నిజం జవాబు చూపించదు.

టీవీ, ఫోన్ ఉన్నాయి కదా, ఇంకేం చేయొచ్చని మీ ఉత్తరంలో అడక్కపోయినా అడిగినట్టే ఉంది. మన రాష్ట్రంలోనే ఇంకో సరిహద్దు జిల్లా సోలాపూర్‌లో పరితేవాడి అనే ఊరి జిల్లా పరిషత్ బడి టీచర్ రంజిత్‌సింహ్ డిసలే పేరు వినే ఉంటారు, 2020లో గ్లోబల్ టీచర్ ప్రైజ్ వచ్చింది. పది లక్షల డాలర్లలో సగం తోటి ఫైనలిస్టులకు పంచేశారు. అందరూ ఆయన క్యూఆర్ కోడ్‌ల గురించే చెబుతారు. నాకు నచ్చింది దానికి ముందు జరిగిన పని. అక్కడి పిల్లల ఇంటి భాష కన్నడ. ఆయన ఆ భాష నేర్చుకుని, పుస్తకాలను పిల్లల భాషలోకి తెచ్చి, ఆ తర్వాత వాటికి కోడ్‌లు తగిలించారు, పాటలు, పాఠాలు, ప్రశ్నలు అందులో పెట్టారు. మీకు ఆ కష్టం కూడా లేదు, తెలుగు మీ ఇంటి భాషే. పాఠంలో గట్టి మాటలు ఐదింటిని తెలుగులో వివరిస్తూ రెండు నిమిషాల ఆడియో ఫోన్‌లో రికార్డు చేయండి. నెట్ లేకపోయినా బ్లూటూత్‌లో తల్లిదండ్రుల ఫోన్లకు పోతుంది. వీడియోల జోలికి పోకండి, వాటికి పట్టే టైమ్‌లో పది ఆడియోలు అవుతాయి.

ఇక సెలవు మెసేజ్. చెల్లెమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే. ఎందుకంటే ఆ మెసేజ్ అబద్ధం కాదు. నిజమైన సెలవే, అవతలి ఒడ్డుకు. ఫేక్ న్యూస్ మీద మనకిచ్చే పాఠాలన్నీ నిజమా, అబద్ధమా అని అడుగుతాయి. మన దగ్గర అబద్ధం కంటే పక్క రాష్ట్రపు నిజమే ఎక్కువ తిప్పలు పెడుతుంది. టీవీ తెలుగు, యూట్యూబ్ తెలుగు, చుట్టాలు చెన్నూరులో, మంచిర్యాలలో, కాళేశ్వరంలో. తెలంగాణ రైతు భరోసా డబ్బులు పడుతున్నాయని వీడియో వస్తే సిరోంచ రైతు పాస్‌బుక్ పట్టుకుని బ్యాంకుకు పోతాడు. మన రాష్ట్రం ఆడవాళ్లకు డబ్బులిచ్చే లాడకీ బహీణ్ పథకం కబురు విని అవతలి ఒడ్డు ఆడపడుచు ఆశపడుతుంది. పదో తరగతి పరీక్షను అక్కడా ఎస్సెస్సీ అంటారు, ఇక్కడా ఎస్సెస్సీయే. అవతలి టైమ్‌టేబుల్ ఇవతలి పిల్ల గోడకు అతికించుకుంటే ఎంత ప్రమాదం!

అందుకని మీ పిల్లలకు మొదటి ప్రశ్న ‘ఇది నిజమేనా?’ కాదు, ‘ఇది ఏ రాష్ట్రానిది?’ రెండోది ‘ఏ తేదీది?’ మూడోది ‘ఎవరు ఇచ్చారు?’ గడ్చిరోలి జిల్లాలో వానలకు సెలవంటే గడ్చిరోలి కలెక్టర్ ఉత్తర్వు ఉండాలి. కలెక్టరు 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంటారు, ఆ కాగితం మన ఊరి గ్రూపుకు చేరేలోపు తెలంగాణ సెలవు చేరిపోతుంది, అసలు బాధ అది. మీ బడికి ఒకే చోటు పెట్టండి. సెలవు కబురు హెడ్‌మాస్టర్ గారో మీరో తల్లిదండ్రుల గ్రూపులో పెడితేనే లెక్క, లేకపోతే బడి ఉన్నట్టే. పెట్టేటప్పుడు తెలుగులో వాయిస్ మెసేజ్ కూడా పెట్టండి, మరాఠీ పీడీఎఫ్ తెరిచి చదివే తల్లులు ఎంతమంది?

వీటికి కూడా అవే కార్డులు వాడొచ్చు. టీవీ మీద ఒక మెసేజ్ చూపించండి. ఏ అంటే పంపుతాను, బీ అంటే ఆపుతాను, సీ అంటే ఎవర్నైనా అడుగుతాను, డీ అంటే తెలియదు. 2022 జూలై గోదావరి వరద వీడియో ఒకటి ఇవాళ్టిదన్నట్టు చూపించండి. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పియర్లు (స్తంభాలు) కుంగిన ఫొటో ఒకటి, ఎక్కడిదో వేరే బ్యారేజీది ఒకటి పక్కపక్కన పెట్టండి. రోజూ చూసే బ్యారేజీ కాబట్టి ఇందులో పిల్లలే మిమ్మల్ని ఓడిస్తారు, ఓడిపోండి. సీ ఎత్తినవాళ్లను ‘ఎవర్ని అడుగుతావు?’ అని తప్పకుండా అడగండి. పాఠమంతా ఆ జవాబులోనే ఉంది. వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తు వస్తే చాలామంది చేతులు మారిందని అర్థమని చెప్పండి. నమ్మకం పెరగాల్సిన గుర్తు కాదది, ఆగమని చెప్పే గుర్తు.

ఎనిమిదో తరగతికి మాత్రం ఒక సంగతి చెప్పండి, చిన్నవాళ్లకు వద్దు. 2018 జూలై 1న మన రాష్ట్రంలోనే ధుళే జిల్లా రాయిన్‌పాడా అనే ఊళ్లో, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని ఫోన్లలో వచ్చిన పుకారు నమ్మి జనం ఐదుగురిని కొట్టి చంపారు. వాళ్లు సోలాపూర్ జిల్లా నుంచి వచ్చిన సంచార కులంవాళ్లు, అడుక్కుని బతికేవాళ్లు. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపకుండా కట్టడి పెడుతున్నట్టు ప్రకటించింది. ఇది చెప్పాక ప్రశ్న వేయకండి, కార్డులు ఎత్తించకండి. కాసేపు ఊరికే ఉండనివ్వండి.

మీరు అడగనిది ఒకటి చెప్పాలి. మన పిల్లలు తెలుగు మాట్లాడతారు, తెలుగు అక్షరం చదవలేరు. వచ్చింది మరాఠీ లిపి. ఫోన్‌లో తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు. అందువల్ల తెలుగులో రాసి ఉన్న ఏ ఉత్తర్వూ, ఏ వార్తా వాళ్లు చదివి సరిచూసుకోలేరు, ఎవరో చదివి వీడియోలో చెప్పిందే వేదం. దీనికి చిన్న చిట్కా ఉంది. మీ ఫోన్‌లో తెలుగు వాయిస్ టైపింగ్ పెట్టి, ఒక్కో పిల్ల చేత తన పేరు, ఊరి పేరు చెప్పించి, అక్షరాలు పడుతుంటే టీవీ మీద చూపించండి. సిరోంచ తెలుగును అది కొన్నిసార్లు భలే తప్పుగా వింటుంది, తరగతి పగలబడి నవ్వుతుంది. ఏది తప్పు పడిందో పట్టుకోవడానికి మాత్రం అక్షరం చూడాల్సిందే. నెలకు నాలుగు అక్షరాలు వచ్చినా లాభమే.

ఏఐతో హోంవర్క్ చేయించుకుంటున్నారన్న గోల మీ దాకా ఇంకా రాలేదేమో, వస్తుంది. ఆరో తరగతి పిల్ల పుణే పంతులు లాంటి మరాఠీ రాసుకొస్తే కోప్పడకండి. ‘ఇదే తెలుగులో చెప్పు’ అనండి. చెప్పగలిగితే ఎవరు రాస్తే ఏం?

కార్డులు దళసరి కాగితం మీద ప్రింట్ తీయించండి. షాపువాడు లామినేషన్ చేస్తానంటాడు, మెరిసేది వద్దనండి. కిటికీ వెలుతురు దాని మీద పడితే ఫోన్ బొమ్మను గుర్తుపట్టదు, ముందు వరస పిల్లలందరూ గైర్హాజరైనట్టు చూపిస్తుంది. పిల్లలు వేళ్లతో గళ్లు మూసినా అంతే. అంచులు పట్టుకోమని మొదటి రోజే చెప్పండి. ఏకోణతీస్‌కు సీ ఎంతమంది ఎత్తారో నాకు రాయండి.